గోడకున్న తుపాకి, పెట్టెలోని లైసెన్సు

ఎన్నికల ప్రకటన వెలువడగానే తుపాకి లైసెన్సు గల ఇంటికి పోలీసుస్టేషను నుండి కబురు వస్తుంది. తుపాకి తెచ్చి అప్పగించి రశీదు తీసుకొని వెళ్లమంటారు. సికింద్రాబాదు వారికి ఇది అలవాటైన సంగతే. 2023 అక్టోబరు 9న శాసనసభ ఎన్నికల నియమావళి అమలులోకి వచ్చి, డిసెంబరు 3న ఫలితాలు వెలువడ్డాయి. మరల 2024 మార్చి 16న లోక్‌సభ ఎన్నికల ప్రకటన, జూన్ 4న లెక్కింపు. తొమ్మిది నెలలు నిండకముందే రెండుసార్లు ఈ కబురు! రెండవసారి లెక్కింపు వరకే ఎనభై రోజులు.

దండు ఊరు గనుక బొల్లారం, తిరుమలగిరి, అల్వాల్ వైపు సైన్యం నుండి రిటైరైన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పింఛను చాలక, పన్నెండు బోరు తుపాకి కొని, కాపలా ఉద్యోగంలో చేరే మాజీ సైనికుని సంగతి ఆలోచించండి. అతనికి ఆ తుపాకి హోదా కాదు, పనిముట్టు. బ్యాంకు కాపలాదారులకు అప్పగింత నుండి మినహాయింపు ఉంది. ఇతరచోట్ల పనిచేసేవాని మాటేమిటి? తుపాకి స్టేషనులో ఉంటే యజమాని అతనికి జీతమిస్తాడా? లైసెన్సుదారుల సణుగుడులో సగం న్యాయం ఇక్కడే ఉంది. ఎవరి తుపాకి తీసుకోవాలో ఒక్కొక్కరి విషయం పరిశీలించి తేల్చాలే గాని అందరినీ ఒకే గాట కట్టరాదని 2024లో అలహాబాదు హైకోర్టు కూడా చెప్పింది.

మిగిలిన సగం సణుగుడు వేరు. "మా తుపాకులు ఏదో ఒకనాడు శాశ్వతంగా గుంజుకుంటారు" అనే భయం అది. దానికీ కారణం లేకపోలేదు. అంతకుముందు ఒక్కొక్కరికి మూడు తుపాకులు ఉండవచ్చు. 2019లో కేంద్రం తెచ్చిన బిల్లు ఒక్కటే ఉండాలన్నది. తాతల నాటి ఆయుధాలు గల కుటుంబాలు అభ్యంతరం చెప్పగా, చివరకు రెండు అని చట్టమైంది. మూడవది ఏడాదిలోగా అప్పగించవలసి వచ్చింది. అదే చట్టం లైసెన్సు గడువును మూడేండ్ల నుండి అయిదేండ్లకు పెంచింది. పెండ్లి ఊరేగింపులో సరదాకు కాల్చి ఇతరుల ప్రాణానికి అపాయం తెచ్చినవానికి రెండేండ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అన్నది.

ఈ భయానికి పాత వేరు కూడా ఉంది. 1857 తిరుగుబాటు తరువాత తెల్లదొరలు మన ప్రజలను నిరాయుధులను చేయ జూచారు. 1878 చట్టం దేశీయుని లైసెన్సు అడిగింది, దొరను అడగలేదు. ఆ అవమానం మరువక 1931 కరాచీ కాంగ్రెసు, నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకొనే హక్కు పౌరునికి ఉండాలని తీర్మానించింది. అయితే 1948లో రాజ్యాంగ సభలో కామత్ గారు ఆ హక్కును చేర్చమని కోరితే సభ ఒప్పుకొనలేదు. మన రాజ్యాంగం ఇచ్చినది ఆయుధాలు లేకుండా శాంతియుతంగా కూడుకొనే హక్కు. అమెరికాలో ఉన్న మన పిల్లలు "ఇక్కడ తుపాకి హక్కు" అని చెబుతారు. అది అక్కడ 1791 నుండి రాజ్యాంగంలో ఉన్న మాట. ఇక్కడ అది ప్రభుత్వం ఇచ్చే అనుమతి మాత్రమే. ఈ తేడా తెలియక వాదించుకొనేవారు చాలామంది. రజాకార్ల రోజులు చూసిన తెలంగాణ పెద్దలు ప్రజల చేతి తుపాకిని రెండు విధాలుగానూ ఎరుగుదురు, కాపాడినదిగానూ కాల్చినదిగానూ.

పల్లె కుటుంబాలకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. పంట కాపుదలకు అడవిపందులను బెదరించే నాటు తుపాకికి లైసెన్సు పొందిన తండ్రి చనిపోతాడు. తుపాకి గోడకు వ్రేలాడుతూనే ఉంటుంది. లైసెన్సు ఆయన పేరిటది, ఆస్తిలాగ దానంతట అది కొడుకుకు రాదు. ఆ తుపాకిని ఊరకే ఇంట్లో ఉంచుకొనడం నేరమే. విధవరాలైన తల్లికి ఇది ఎవరు చెబుతారు? ఆలస్యం చేయక దగ్గరి పోలీసుస్టేషనులోగాని, లైసెన్సు గల ఆయుధాల వర్తకుని వద్దగాని అప్పగించి రశీదు తీసుకోవాలి. తరువాత వారసుడు దరఖాస్తు పెట్టవచ్చు. 2016 నియమాల ప్రకారం తండ్రికి డెబ్బది ఏండ్లు వచ్చినా, ఆ తుపాకి ఆయన వద్ద ఇరువది అయిదేండ్లు ఉన్నా, ఆయన బ్రతికి ఉండగానే వారసుని పేరుకు మార్చుకొనే వీలుంది. నా మట్టుకు నేను, త్రాగుడు గల ఇంట్లోనైతే అలా మార్చుకొనే బదులు వదిలించుకొమ్మనే సలహా ఇస్తాను. ఎన్నికల గుంపులోకన్నా ఆ ఇంట్లోనే ఆ తుపాకితో అపాయం ఎక్కువ.

జంట నగరాలలో దరఖాస్తు పోలీసు కమిషనరు వద్దకు వెళుతుంది. విచారణ చేస్తారు, సురక్షితంగా వాడడంలో శిక్షణ పొందిన పత్రం అడుగుతారు. లైసెన్సు నిరాకరించినా రద్దుచేసినా కారణం వ్రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. దానిపై అప్పీలు చేసుకొనవచ్చు. అప్పగించినప్పటి రశీదును మాత్రం లైసెన్సు పుస్తకంలోనే పెట్టి ఉంచండి. తుపాకిని తిరిగి తీసుకొనేటప్పుడు నంబరు సరిచూసుకొనవలసింది దానితోనే.