మేమే లెక్కపెట్టాం!

సర్కారు బడిలో ఏ గదిలోకి వెళ్లినా నల్లబల్ల మీద ఓ మూల చిన్న గడులు కనిపిస్తాయి. బాలురు, బాలికలు, మొత్తం, హాజరు. పొద్దున రాసిన అంకెల్ని మర్నాడు తుడిచేసి కొత్తవి వేస్తారు. ఆ అంకెల్ని ఒక నెలపాటు పిల్లల చేతే నోటుపుస్తకంలోకి ఎక్కించి చూడండి. సంత రోజు హాజరు తగ్గుతోందా, పత్తితీత మొదలయ్యాక ఎంతమంది రావడం లేదు, ముసురు పట్టిన రోజుల్లో ఎలా ఉంది... ఇవన్నీ వాళ్లే పట్టుకుంటారు. దత్తాంశాల పాఠానికి ఇంతకన్నా మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది?

కానీ మన తరగతుల్లో ఈ పాఠం తరచూ చివరి నుంచి మొదలవుతోంది. పట్టిక ముందే తయారుగా ఉంటుంది: మామిడి 12, అరటి 8, జామ 5. ఎవరిని అడిగారో, ఎవరు లెక్కపెట్టారో ఉండదు. పిల్లలు స్కేలు పెట్టి కమ్మీ చిత్రం గీసి, రంగులద్ది, టిక్కు వేయించుకుంటారు. 2005 నాటి జాతీయ విద్యా ప్రణాళిక చట్రం తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన ‘మ్యాథ్ మ్యాజిక్’ పుస్తకాల్లో మూడు, నాలుగు, ఐదు తరగతులకు ‘స్మార్ట్ చార్ట్స్’ అనే పాఠాలుండేవి. తోటివాళ్లను అడిగి, చుట్టూ చూసి పట్టిక నింపే పనులు వాటిలో ఉండేవి. అలాంటి పనికి రెండు మూడు పీరియడ్లు పడతాయి. సిలబస్ తరుముతుంటే ముందు కోతపడేవి అవే.

మధ్యాహ్న భోజనాన్నే తీసుకుందాం. “మీకు ఏ కూర ఇష్టం?” అని అడిగి చేతులెత్తమంటే, ముందు బెంచీలో ఇద్దరు ఎత్తగానే వెనక పదిమంది ఎత్తేస్తారు. అదే చీటీల మీద రాయించండి, లెక్క మారిపోవచ్చు. అడగడం మానేసి, కంచాల్లో ఏ కూర మిగులుతోందో వారంపాటు చూడమంటే ఇంకో సంగతి తెలుస్తుంది. అక్కడే అసలు గొడవ మొదలవుతుంది. ఒక ముక్క మిగిలితే వదిలేసినట్టేనా? “రెండోసారి వేయించుకుని వదిలేశాడు టీచర్, అది లెక్కలోకి వస్తుందా?” అని ఒకరు అడుగుతారు. కరివేపాకు ఏరి పక్కన పెడితే దాన్నేమంటారు? టీచరు తొందరపడి తీర్పు చెప్పేయకూడదు. పిల్లలే వాదించుకుని, గరిటెడు కన్నా ఎక్కువ మిగిలితేనే వదిలేసినట్టు అని తేల్చుకోవాలి. ఆ నియమాన్ని గోడ మీద రాసి, వారమంతా దానికే కట్టుబడాలి. నా దృష్టిలో పాఠమంతా ఇక్కడే ఉంది. దేన్ని లెక్కలోకి తీసుకోవాలో తేల్చుకోవడానికి తొమ్మిదేళ్ల పిల్లలు పడే ఆ అరగంట తగువు ముందు పుస్తకంలోని బొమ్మలన్నీ దిగదుడుపే.

తర్వాత గణన చిహ్నాలు: నాలుగు నిలువు గీతలు, ఐదోది వాటి మీదుగా అడ్డంగా. ఇద్దరేసి పిల్లలు విడివిడిగా గీసి, చివర్లో పోల్చుకోవాలి. ఒకరికి 31, ఇంకొకరికి 34 వస్తే మళ్లీ చూడాల్సిందే.

గీయడానికి ముందు చింతపిక్కలనో ఖాళీ అగ్గిపెట్టెలనో వరుసగా పేర్పించాలి. నేరుగా బొమ్మలు వేయిస్తే, ముచ్చటపడి ఒకడు గుడ్డును పెద్దగా వేస్తాడు. ఐదు గుడ్ల వరుస ఎనిమిది అరటిపళ్ల వరుసను దాటిపోతుంది. అందుకే గళ్ల కాగితం, గడికొక బొమ్మ.

వాన లెక్కయితే మరీ బాగుంటుంది. నిటారు గోడలున్న ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, గరాటులా తిరగేసి పెట్టాలి. అడుగున మిట్టపల్లాలు మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీయాలి. వాతావరణ శాఖ వాళ్లు ఉదయం 8.30కి కొలిచినట్టే రోజూ ఒకే వేళకు చూడాలి. ఒక మిల్లీమీటరు వానంటే చదరపు మీటరు నేల మీద లీటరు నీళ్లు. వాన లేని రోజున సున్నా వేయాలి. కొలవడం మరిచిపోయిన రోజున గడి ఖాళీగా వదిలేయాలి. ఈ తేడా పిల్లలకు నేర్పి తీరాలి. అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి కరవు జిల్లాల్లో ‘ఏపీఎఫ్ఏఎంజీఎస్’ అనే భూగర్భజల ప్రాజెక్టు కింద రైతులే వాననూ బోర్లలో నీటిమట్టాన్నీ కొలిచి రాసుకున్నారు. ఏ పంట వేయాలో ఆ లెక్కలు ముందేసుకుని మాట్లాడుకున్నారు.

అడగకూడని ప్రశ్నలూ ఉన్నాయి. మీ ఇంట్లో బండి ఉందా, నాన్న ఏం పనిచేస్తారు, పండక్కి ఎన్ని జతల బట్టలు కొన్నారు... అందరి ముందూ ఇవి అడిగితే, సమాధానం చెప్పలేని పిల్ల ఆ రోజంతా తలెత్తదు. గదిలో ఎవరికీ చిన్నతనం కలిగించని ప్రశ్నే ఎంచుకోవాలి.

“మన క్లాసులో ఎక్కువమంది గోంగూర వదలలేదు, అంటే బడి మొత్తానికీ ఇష్టమేనా టీచర్?” ఈ ప్రశ్న వచ్చిన రోజు ఆ టీచరు గర్వపడొచ్చు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖల్లో చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1945లో రాసిన ప్రసిద్ధ పత్రం కూడా అంచనాల గురించే: చేతిలో ఉన్న దత్తాంశాలతో వేసే అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదు? 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక పురస్కారం దక్కింది. ఐదో తరగతి పిల్లలకు సూత్రాలు అక్కర్లేదు. పక్క తరగతికి వెళ్లి అక్కడి కంచాలు కూడా చూసి రమ్మంటే చాలు.

తయారైన చార్టు కింద నాలుగు వివరాలు ఉండాలి: ఎవరు లెక్కపెట్టారు, ఎక్కడ, ఏయే రోజులు, ఎంతమందిని. తల్లిదండ్రుల సమావేశంలో ఆ పిల్లలకు పది నిమిషాలు ఇవ్వండి. గురువారం కూర ఎందుకు అంత మిగిలిందని పెద్దలు అడుగుతారు. ఎంత మిగిలిందో చార్టు చెప్తుంది, ఎందుకో చెప్పదు. దానికి మర్నాడు వంటగదికి వెళ్లి వంటచేసే ఆంటీని అడగాలి, తిన్నవాళ్లనీ అడగాలి, మళ్లీ రాసుకోవాలి.