వెయ్యి కుండల వంటకు ఒక్క మెతుకు చాలదు!

ఎక్కడో చేసిన చిన్న మార్పుకు మూలపడే బోర్డులు - తప్పు పుట్టిన చోటు చూపే 'బిల్డ్‌మ్యాన్'

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. ఒకే కుండ, ఒకే పొయ్యి అయితే ఆ మాట నిజమే. వెయ్యి కుండలు వెయ్యి పొయ్యిల మీద పెడితేనో? ఒక పొయ్యిలో తుమ్మ మొద్దులు, ఒకదానిలో ఊక, మరోదానిలో పచ్చి పుల్లలు. ఒక్క కుండలో మెతుకు పట్టి చూసి, అన్నిట్లోనూ ఉడికిందని విస్తళ్ళు వేయించే వంటవాడు ఎక్కడా ఉండడు. చిన్న చిన్న కంప్యూటర్ బోర్డులకు ప్రోగ్రాములు రాసేవారికి ఏళ్ళ తరబడి ఇదే చిక్కు ఎదురైంది. దానికి వారు చూసుకున్న ఉపాయమే 'బిల్డ్‌మ్యాన్' అనే సాధనం.

తూము ఎత్తే మనిషి

టీవీ పక్కన ఉండే బాక్సులోనూ, ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చే వైఫై పెట్టెలోనూ ఒక చిన్న కంప్యూటర్ బోర్డు ఉంటుంది. స్విచ్చి వేసిన వెంటనే అది పనిలోకి దిగదు. ముందుగా ఒక చిన్న ప్రోగ్రాము మేలుకుంటుంది. మెమరీని సిద్ధం చేస్తుంది. అసలు ప్రోగ్రాము ఎక్కడుందో వెతికి తెస్తుంది. పని దానికి అప్పగించి తాను తప్పుకుంటుంది. దీనినే బూట్‌లోడర్ అంటారు. చెరువు కింద తూము ఎత్తే మనిషి లాంటిది ఇది. తూము లేవకపోతే చెరువు నిండా నీళ్ళున్నా మడి తడవదు. బూట్‌లోడర్ చెడితే పెట్టెలో మిగతావన్నీ బాగున్నా అది పనికిరాదు. మళ్ళీ నడిపించాలంటే తరచు పెట్టె విప్పి, బోర్డుకు వైర్లు కలిపి, ప్రోగ్రామును కొత్తగా ఎక్కించవలసి వస్తుంది. అది అందరికీ చేతనయ్యే పని కాదు.

ఇటువంటి బూట్‌లోడర్లలో బాగా వ్యాప్తిలో ఉన్నది 'యు-బూట్'. జర్మనీకి చెందిన ఇంజనీరు వోల్ఫ్‌గాంగ్ డెంక్ 2000 సంవత్సరంలో దీనిని 'పీపీసీబూట్' పేరుతో నడిపించారు. అప్పట్లో అది పవర్ పీసీ అనే ఒక్క రకం చిప్పులకే. తర్వాత ఇతర రకాల చిప్పులకూ పాకడంతో 2002లో పేరు యు-బూట్‌గా మారింది. దీని ప్రోగ్రాము ఎవరైనా చూడవచ్చు, మార్చవచ్చు, తమ మార్పును పంపవచ్చు. పైసా చెల్లించనక్కర లేదు. 2012 నుంచి టామ్ రిని పెద్దరికం వహిస్తున్నారు. ఏడాదికి నాలుగు సార్లు కొత్త కూర్పు వెలువడుతుంది.

చేసేది ఒకరు, పడేది మరొకరు

యు-బూట్ నడిచే బోర్డుల రకాలు వెయ్యికి పైనే. అయినా ఒక్కో బోర్డుకు వేరే ప్రోగ్రాము అంటూ లేదు. చాలా భాగం అందరికీ ఉమ్మడి. ఏ బోర్డుకు ఏ ముక్కలు కావాలో చెప్పే పట్టీ మాత్రం దేనికది వేరు. చిక్కంతా ఈ ఉమ్మడి భాగంలోనే ఉంది.

మార్పు చేసేవారి బల్లమీద ఒకటో రెండో బోర్డులుంటాయి. ఆ రెండింటి మీద సరిచూసుకుని, బాగుందనుకుని పంపుతారు. ఉమ్మడి భాగంలో వారు మార్చిన ఒక్క వరుస, వారు కంటితోనైనా చూడని మరో బోర్డుకు ముప్పు కావచ్చు. చోటు చాలకపోవడం ఇందులో ఒక తరహా. కొన్ని చిప్పుల్లో తొలిమెట్టు ప్రోగ్రాముకు ఉండేది కొద్ది కిలోబైట్ల జాగా మాత్రమే. సంచి మూతిదాకా నిండి ఉన్నప్పుడు పిడికెడు గింజలు ఎక్కువైనా కుట్టు పడదు. పెద్ద బోర్డు కోసం చేర్చిన కొత్త సదుపాయం చిన్న బోర్డులో పట్టక బయటికి పొర్లుతుంది. తప్పు చేసినవారికి ఆ సంగతే తెలియదు. నష్టపోయేవారు ఎక్కడో వేరే దేశంలో ఉంటారు.

పదమూడు రోజుల పని

మనిషి రాసిన ప్రోగ్రామును చిప్పుకు అర్థమయ్యే అంకెలుగా మార్చి ఒక్క మూటగా కట్టడాన్ని 'బిల్డ్' అంటారు. ఏ మార్పు చేసినా అన్ని బోర్డులకూ బిల్డ్ చేసి చూడటమే దీనికి మందు. ఈ పనికి వెనుక 'మేక్ఆల్' అనే చిన్న స్క్రిప్టు ఉండేది. ఏ బోర్డు బిల్డ్ కాలేదో అది చెప్పేది. పద్దెనిమిది మార్పులు ఒక వరసలో ఉంటే, వాటిలో ఏది చెరిపిందో వెతుక్కునే భారం మాత్రం మనిషిదే.

లెక్క వేసి చూస్తే ఈ పని ఎంతటిదో తెలుస్తుంది. బిల్డ్‌మ్యాన్ వివరణ పుస్తకంలో ఒక ఉదాహరణ ఉంది. బోర్డులు 1,059. మార్పులు 18. ప్రతి మార్పుకూ ప్రతి బోర్డునూ బిల్డ్ చేస్తే మొత్తం 19,062 బిల్డులు. ఒక్కోదానికి ఒక్క నిమిషం చొప్పున, ఒకదాని తర్వాత ఒకటిగా చేసుకుపోతే రాత్రింబవళ్ళు 13 రోజులు పడుతుంది. అదే ఉదాహరణలో బిల్డ్‌మ్యాన్ నాలుగు పనులు ఒకేసారి నడుపుతూ, ఇంకా సుమారు గంటా పావులో ముగుస్తుందని అంచనా చూపుతుంది.

2013లో దీనిని యు-బూట్‌లో చేర్చినవారు సైమన్ గ్లాస్. ఆయన అప్పట్లో గూగుల్ సంస్థలో క్రోమ్‌బుక్ కంప్యూటర్ల పని చూసేవారు.

పని నడిచే తీరు

ఇంత త్వరగా ఎలా సాధ్యం? ఇందులో మంత్రమేమీ లేదు. పనిని పంచుకునే తీరులోనే ఉంది కిటుకు. కంప్యూటర్‌లో ఎన్ని పనులు ఒకేసారి నడవగలవో అన్ని వరసలు ఏర్పడతాయి. ఒక్కో వరసకు ప్రోగ్రాము ప్రతి ఒకటి విడిగా ఉంటుంది. ఒకరి ప్రతిని మరొకరు తాకరు. ఒక బోర్డును చేపట్టిన వరస దానికి మొదటి మార్పు మొదలు చివరి మార్పు దాకా వరుసగా బిల్డ్ చేస్తుంది. మొదటిసారి అంతా కట్టాలి. తర్వాత మారిన ఫైళ్ళను మాత్రమే మళ్ళీ కడితే చాలు. ఒకసారి దుక్కి దున్నిన చేలో రెండోసారి నాగలి తేలిగ్గా నడిచినట్టే.

ఈ తొందరలోనూ ఒక ప్రమాదముంది. పాత ముక్కలు మిగిలిపోయి, తప్పు లేకున్నా బిల్డ్ చెడినట్టు కనిపించవచ్చు. అందుకే మధ్యలో ఏదైనా చెడితే బిల్డ్‌మ్యాన్ వెంటనే నిందవేయదు. ఆ బోర్డు పట్టీని కొత్తగా రాయించి, మళ్ళీ బిల్డ్ చేసి చూస్తుంది. అప్పుడూ చెడితేనే తప్పుగా లెక్కవేస్తుంది.

హెచ్చరికల విషయంలో మరో జాగ్రత్త ఉంది. మారని ఫైలును మళ్ళీ కట్టరు కనుక, దానిలోని హెచ్చరిక రెండోసారి వినిపించదు. ఆ దోషం పోయిందని భ్రమపడే వీలుంది. కనుక హెచ్చరిక వచ్చిన మార్పు తర్వాతి మార్పును మొత్తంగా బిల్డ్ చేస్తుంది. నిజంగా పోయిందా, ఊరకే కనబడలేదా అన్నది అప్పుడు తేలుతుంది.

ఆఖరున వచ్చే పట్టీలో ప్రతి మార్పునూ దాని ముందుదానితో పోల్చి చూపుతుంది. కొత్తగా చెడిన బోర్డులు ఎర్రరంగులో, బాగుపడినవి ఆకుపచ్చలో కనిపిస్తాయి. వందల బోర్డుల్లో ఒకే తప్పు ఉన్నా అది ఒక్కసారే అచ్చవుతుంది. ఎంతోకాలంగా చెడి ఉన్న బోర్డును మళ్ళీ మళ్ళీ ఎత్తిచూపదు. ఎంత సైజు పెరిగింది, ఏ ముక్క వల్ల పెరిగింది అన్నది కూడా కోరితే చెబుతుంది. సంచి పగలకముందే మేలుకోవచ్చునన్నమాట.

బిల్డ్ అయితే సరిపోతుందా?

సరిపోదు. అన్నం ఉడికిందంటే రుచిగా ఉందని కాదు. చక్కగా బిల్డ్ అయిన ప్రోగ్రాము బోర్డు మీద ఒక్క అక్షరం కూడా పలకకుండా ఊరుకున్న సందర్భాలున్నాయి. మెమరీకి ఇచ్చిన సమయాల్లో ఒక్క అంకె తప్పినా చాలు. ఆ లోపాన్ని బిల్డ్ పట్టలేదు.

అందుకే తర్వాతి మెట్లు వచ్చాయి. 2011లో వచ్చిన 'శాండ్‌బాక్స్' పద్ధతిలో, బోర్డు లేకుండానే యు-బూట్‌ను మామూలు కంప్యూటర్‌లో నడిపి ఉమ్మడి భాగాలను పరీక్షించవచ్చు. 2016లో స్టీఫెన్ వారెన్ చేర్చిన పరీక్షలు నిజమైన బోర్డుకు ఆజ్ఞలిచ్చి, జవాబు సరిగా వచ్చిందో లేదో సరిచూస్తాయి. కొందరు పది ఇరవై బోర్డులను అరల్లో అమర్చి, కరెంటు తీసి వేసే ఏర్పాటుతో ఈ పరీక్షలు జరుపుతుంటారు. అయితే వెయ్యి రకాల బోర్డులూ ఒకచోట ఉన్న గది లేదు. చేతిలో లేని బోర్డు మీద నడిపి చూడటం ఎవరి వల్లా కాదు. అటువంటి వాటికి బిల్డ్ పరీక్షే కావలి.

చూసే మనిషి లేకపోతే

ఈ సాధనం చేయలేని పని ఇంకొకటి ఉంది. ఏ బోర్డు చెడిందో, ఎవరి మార్పు వల్ల చెడిందో అది చెబుతుంది. బాగుచేయవలసింది మాత్రం మనిషే. యు-బూట్‌లో ప్రతి బోర్డుకూ బాధ్యులెవరో ఒక ఫైలులో రాసి ఉంటుంది. ఉద్యోగాలు మారి, కంపెనీలు మూతపడి, ఆ పేర్లలో కొన్ని పలకడం మానేస్తాయి. కొత్త పద్ధతికి మార్చేవారు లేని బోర్డులను గడువు పెట్టి తొలగిస్తుంటారు. అలా పోయినవి ఎన్నో. ఆ బోర్డు మీద ఆధారపడినవారు ఇక పాత కూర్పుతోనే సరిపెట్టుకోవాలి. బాధ్యత తీసుకునేవారు ముందుకొస్తే పోయిన బోర్డును తిరిగి చేర్చుకునే వీలుంది.

బిల్డ్‌మ్యాన్ యు-బూట్ ప్రోగ్రాముతో పాటే ఉచితంగా దొరుకుతుంది. కాలేజీలో చదివే కుర్రవాడైనా తన మార్పును పంపేముందు దీనిని నడిపి చూసుకోవచ్చు. తన బల్లమీద లేని బోర్డు గురించి, తాను ఎన్నడూ చూడని ఇంటి గురించి ఆ కాసేపు ఆలోచించినట్టవుతుంది. ఊరి ఉమ్మడి కాలువకు గండి కొట్టేముందు కింది మళ్ళవారిని ఒక్కమాట అడగడం లాంటిదే ఇది.