భూమి అభివృద్ధికి ముందు వన్యప్రాణి సర్వే

కాలువ, రహదారి, గని, కర్మాగారం, గృహసముదాయం వంటివి నిర్మించదలచిన చోట చట్టరక్షణ గల జంతువులు, పక్షులు, మొక్కలు ఉన్నాయా, ఉంటే ఆ స్థలాన్ని అవి ఏ విధంగా వాడుకొంటున్నాయి అనే విషయాన్ని పని ప్రారంభం కాకముందే శాస్త్రీయంగా పరిశీలించి నమోదు చేయడాన్ని వన్యప్రాణి సర్వే లేదా జీవావరణ సర్వే అంటారు. భారతదేశంలో ఇది పర్యావరణ ప్రభావ మదింపు అనే పెద్ద ప్రక్రియలో ఒక భాగం. సర్వే నివేదికలో "కనబడలేదు" అని వ్రాసిన మాటను అనుమతులిచ్చేవారు తరచుగా "లేదు" అని చదువుకొంటారు. ఈ రెండు మాటలకు గల భేదం ఎంతటిదో కడప జిల్లాలోని కలివికోడి చరిత్ర తెలియజేస్తుంది.

చట్టపరమైన ఆధారం

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. దీని మొదటి షెడ్యూలులోని జీవులకు అత్యధిక రక్షణ లభిస్తుంది. 2022 నాటి సవరణతో షెడ్యూళ్ల సంఖ్య నాలుగుకు తగ్గించబడినది. అభయారణ్యం లోపల జీవుల నివాసాన్ని ధ్వంసం చేయడం, నీటి ప్రవాహాన్ని మళ్లించడం వంటివి అనుమతి లేకుండా జరుగరాదని 29వ సెక్షను చెబుతుంది. అయితే అభయారణ్యం సరిహద్దు దాటిన తరువాత పరిస్థితి వేరు. అక్కడ కూడా జంతువును వేటాడడం, పక్షుల గూళ్లను, గుడ్లను పాడుచేయడం నేరమే. కానీ ఆ జంతువు తిరిగే పొదను, పుట్టను, కుంటను కాపాడే నిబంధన ఈ చట్టంలో దాదాపు లేదు. కనుక రక్షిత ప్రాంతాల వెలుపల నివసించే జీవులకు ముందస్తు సర్వే ఒక్కటే చాలావరకు దిక్కు.

ఈ సర్వేకు ఆధారం పర్యావరణ పరిరక్షణ చట్టం (1986) క్రింద వెలువడిన ప్రకటన. మొదటి ప్రకటన 1994 జనవరి 27న వచ్చింది. దాని స్థానంలో 2006 సెప్టెంబరు 14న మరొకటి వెలువడినది. దీని ప్రకారం ప్రాజెక్టులను స్థూలంగా 'ఎ', 'బి' అని రెండు వర్గాలుగా విభజించారు. 'ఎ' వర్గానికి కేంద్ర స్థాయిలోను, 'బి' వర్గానికి రాష్ట్ర స్థాయిలోను అనుమతి ఇవ్వబడుతుంది. ఏయే అంశాలు అధ్యయనం చేయాలో నిపుణుల సంఘం ముందుగా నిర్దేశిస్తుంది. ఆ తరువాత అధ్యయనం, ప్రజాభిప్రాయ సేకరణ, మదింపు వరుసగా జరుగుతాయి. భవన నిర్మాణాలు, టౌన్‌షిప్పులకు ప్రజాభిప్రాయ సేకరణ నుండి ఈ ప్రకటన మినహాయింపు ఇచ్చింది. నగరాల అంచున ఉన్న బీళ్లు, గుట్టలు ఎక్కువగా ఈ పనులకే పోతున్నాయన్నది గమనించదగ్గ విషయం.

సర్వే జరిగే విధానం

మొదట కార్యాలయంలో కూర్చొని చేసే పని ఉంటుంది. పాత రికార్డులు, అటవీశాఖ పటాలు, ఉపగ్రహ చిత్రాలు చూసి ఆ ప్రాంతంలో ఏయే జీవులు ఉండే అవకాశం ఉన్నదో జాబితా తయారుచేస్తారు. పెద్ద ప్రాజెక్టులకు పని జరిగే స్థలాన్నే కాక చుట్టూ పది కిలోమీటర్ల పరిధిని కూడా పరిశీలించడం పరిపాటి. తరువాత క్షేత్ర పరిశీలన. ముందుగా గీసుకొన్న తిన్నని దారుల వెంట నడుస్తూ రెండు ప్రక్కలా కనబడినవి, వినబడినవి వ్రాసుకోవడం ఒక పద్ధతి. అడుగుజాడలు, పెంటికలు, గూళ్లు, రాలిన ఈకలు, బొరియలు కూడా సాక్ష్యాలే. రాత్రి తిరిగే జంతువులకు, కదలిక తగిలితే తమంతట తామే ఫోటో తీసే కెమెరాలను అమర్చుతారు. గబ్బిలాల విషయంలో మన చెవికి అందని వాటి ధ్వనులను పట్టే యంత్రాలు వాడుతారు. ఇటీవలి కాలంలో చెరువు నీటిని సేకరించి, అందులో కలిసి ఉన్న డి.ఎన్.ఎ. ద్వారా ఆ నీటిలో ఏ జీవి ఉన్నదో తెలుసుకొనే పద్ధతి కూడా వచ్చింది.

స్థానికులను అడగడం చిన్న పనిగా భావించరాదు. గొర్రెల కాపరికి, వంటచెరకు ఏరుకొనేవారికి తెలిసిన విషయాలు మూడు రోజులు జీపులో తిరిగిన నిపుణునికి తెలియకపోవచ్చు.

కాలము, వేళ

సర్వే ఫలితం అది ఎప్పుడు జరిగినదనే దానిపై చాలావరకు ఆధారపడుతుంది. మృగశిర కార్తె వానలకు బెకబెకమనే కప్పలు ఏప్రిల్ నెలలో ఎంత వెదికినా కనబడవు. వలస బాతులు శీతకాలంలోనే వస్తాయి. నేలపై గుడ్లు పెట్టే తీతువు వంటి పక్షుల గూళ్లు వేసవిలో తేలికగా దొరుకుతాయి. వానకాలాన్ని మినహాయించి ఒకే ఋతువులో, సుమారు మూడు నెలల పాటు సేకరించిన సమాచారంతో నివేదిక తయారుచేసే ఆనవాయితీ మన దేశంలో చాలాకాలంగా ఉన్నది. గాలి, నీటి కాలుష్యపు కొలతలకు ఇది కొంతవరకు సరిపోవచ్చునేమో గాని ప్రాణుల విషయంలో సరిపోదు.

పోలిక కోసం బ్రిటన్‌ను చూడవచ్చు. అక్కడ గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్ అనే బల్లి ఆకారపు ఉభయచరానికి చట్టరక్షణ ఉన్నది. ఒక కుంటలో అది లేదని చెప్పదలిస్తే మార్చి మధ్య నుండి జూన్ మధ్య వరకు నాలుగు సార్లు వెళ్లి చూడాలని, వాటిలో కనీసం రెండు ఏప్రిల్ మధ్య నుండి మే మధ్య లోపల జరగాలని అక్కడి సాంప్రదాయిక సర్వే నియమం. ఆ జీవి నీటిలో ఉండే కాలం అదే. ఋతువు తప్పితే నిర్మాణదారు మరుసటి వసంతం దాకా వేచి ఉండవలసి వచ్చేది. ఈ జాప్యాన్ని తగ్గించడానికే నీటి నమూనా పరీక్షలు, జిల్లాస్థాయి లైసెన్సులు తరువాత ప్రవేశపెట్టబడినవి.

కలివికోడి ఉదాహరణ

కలివికోడి (జెర్డాన్స్ కోర్సర్) ప్రపంచంలోని అత్యంత అరుదైన పక్షులలో ఒకటి. కలివి పొదల మధ్య తిరుగుతుంది కనుక స్థానికులు దీనికి ఆ పేరు పెట్టారు. 19వ శతాబ్దంలో పెన్నా, గోదావరి లోయలలో దీనిని చూసినట్లు దాఖలాలున్నాయి. 1900 తరువాత ఎవరికీ కనబడకపోవడంతో ఈ జాతి అంతరించిపోయిందని పక్షిశాస్త్రజ్ఞులు భావించారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ పరిశోధన ఫలితంగా కడప జిల్లా లంకమల కొండల ప్రాంతంలో ఈ పక్షి తిరిగి వెలుగులోకి వచ్చింది. దానిని రాత్రివేళ దీపపు వెలుతురులో పట్టుకొన్నది పక్షులను పట్టే స్థానికుడు ఒకరు. ఎనభై ఆరేళ్లపాటు శాస్త్రానికి 'లేని' పక్షి ఆ పల్లెల్లో ఉంటూనే ఉన్నది. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడినది.

ఇంతకాలం దొరకకపోవడానికి కారణం పక్షి స్వభావమే. ఇది రాత్రి సంచరిస్తుంది, మనిషి అలికిడికి పొదల చాటుకు తప్పుకొంటుంది. ప్రొద్దు క్రుంకిన తరువాత కొద్దిసేపు మాత్రమే రెండు స్వరాల చిన్న కూత కూస్తుంది. పగటిపూట నడిచి చేసే మామూలు సర్వేలో ఇది నమోదయ్యే అవకాశం దాదాపు లేదు. కనుక 2000 దశకం తొలినాళ్లలో పి. జగన్నాథన్ మరియు సహ పరిశోధకులు ప్రత్యేక పద్ధతులు రూపొందించారు. పొదల మధ్య నేలపై మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, రాత్రి దానిపై నడిచిన పక్షుల అడుగుజాడలను ఉదయం పరిశీలించేవారు. అదే కొలతలో ఇతర పక్షుల అడుగులు కూడా పడతాయి కనుక కెమెరాలతో సరిచూసుకొనేవారు. కూతను రికార్డు చేసి, సాయంసంధ్యలో దానిని వినిపించి జవాబు వస్తుందేమో వినేవారు.

దీని నివాసంపై వచ్చిన ఫలితం ఆసక్తికరమైనది. రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు 300 నుండి 700 వరకు ఉన్న చోట ఈ పక్షి ఎక్కువగా ఉంటుంది. దట్టమైన అడవి దీనికి పనికిరాదు, పూర్తిగా చదునైన నేలా పనికిరాదు. గొర్రెలు, మేకలు మితంగా మేసే చిట్టడవి కావాలి. అనగా సామాన్యునికి ఎందుకూ కొరగానిదిగా కనిపించే భూమే దీని ఇల్లు.

2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం, అవసరమైన అనుమతి లేకుండానే, అభయారణ్యంలోని ఇటువంటి పొదలలోకి ప్రవేశించినది. కొన్నిచోట్ల యంత్రాలు పొదలను తుడిచిపెట్టిన తరువాత గాని విషయం బయటికి రాలేదు. ఆ ప్రాంతంలో అప్పటికే సర్వే చేస్తున్న పరిశోధకుల దగ్గర ఎక్కడెక్కడ ఆనవాళ్లు లభించినవో తేదీలతో సహా ఉండడం వలన ఫిర్యాదుకు బలం చేకూరింది. సుప్రీంకోర్టు ఏర్పరచిన కేంద్ర సాధికార సంఘం పరిశీలనకు విషయం వెళ్లింది, పని ఆగింది, కాలువ దారి మార్చబడినది. రాయలసీమకు నీరు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. సర్వే సమాచారం చేతిలో ఉన్నందువలన కాలువకు, పక్షికి మధ్య ఒకదానినే ఎంచుకొనే అగత్యం తప్పింది.

2000 దశకం చివరి నుండి చాలా ఏళ్లు కలివికోడి జాడ నిర్ధారణగా దొరకలేదు. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు దాని కూతను మళ్లీ రికార్డు చేసినట్లు ప్రకటించారు. ఈసారి కూడా కంటికంటే చెవికే ముందు అందింది.

"బంజరు" అనే మాట

రెవెన్యూ రికార్డులలోని వర్గీకరణ సర్వేను తప్పుదారి పట్టించే సందర్భాలు ఎక్కువ. శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గరి బీల ప్రాంతం చిత్తడి నేల. వందలాది కుటుంబాలు చేపలకు, సాగునీటికి దానిపై ఆధారపడినవి. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం ప్రతిపాదించినపుడు ఆ నేల పనికిరాని భూమిగా చూపబడినది. 2010 జులై 14న పోలీసు కాల్పులలో ఇద్దరు మరణించారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసినది. ఇటీవల హైదరాబాదు విశ్వవిద్యాలయం ప్రక్కనున్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చదును పనిని 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నిలిపివేసినపుడు అడిగిన ప్రశ్నలలో, పర్యావరణ ప్రభావ మదింపు అనుమతి తీసుకొన్నారా అన్నది ఒకటి.

నివేదికను చదివే విధం

నివేదికను తయారుచేసే సంస్థకు రుసుము చెల్లించేది ప్రాజెక్టు యజమానే. ఈ ఏర్పాటులోని చిక్కు ఎవరికైనా అర్థమవుతుంది. అందువలన చదివేవారి జాగ్రత్తకు విలువ ఉన్నది. ప్రజాభిప్రాయ సేకరణ అవసరమైన ప్రాజెక్టులకు నివేదిక సారాంశం తెలుగులో కూడా ఇవ్వాలి. సేకరణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన రావాలి. పూర్తి నివేదిక కలెక్టరు కార్యాలయంలో చూడవచ్చును. జంతువుల జాబితా ఎంత పొడవున్నదో చూసి తృప్తి పడరాదు. ఏ నెలలో, ఎన్ని రోజులు, ఏ వేళలో చూశారు, రాత్రి సర్వే జరిగినదా, జాబితాలోని జీవులు నిజంగా ఆ నేలపై ఉండేవేనా అన్నవి చూడాలి. ఉద్దేశపూర్వకంగా విషయం దాచినా, తప్పుడు సమాచారం ఇచ్చినా దరఖాస్తును తిరస్కరించవచ్చునని, ఇచ్చిన అనుమతిని రద్దు చేయవచ్చునని 2006 ప్రకటనలోనే ఉన్నది. అనుమతిపై అభ్యంతరం ఉన్నవారు 30 రోజుల లోపల జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చును. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు గడువు లభిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు చెన్నైలోని దక్షిణ ధర్మాసనం పరిధిలోకి వస్తాయి.