పసిపిల్లలకు సంఖ్యలు, ఆకారాల బోధన

పసిపిల్లలకు సంఖ్యలు, ఆకారాల బోధన అనగా సుమారు మూడు నుండి ఆరు సంవత్సరాల వయసు గల పిల్లలకు లెక్కించడం, పోల్చడం, ఆకారాలను గుర్తించడం వంటి తొలి గణిత భావనలను ఇంటివద్దనే పరిచయం చేయడం. దీనికి పలక, పుస్తకం కంటే ముందు చేతితో తాకి, కదిపి చూడగల వస్తువులు అవసరం. ఒకటి నుండి వంద వరకు ఒంట్లు అప్పజెప్పే పిల్లవానికి సంఖ్యలు వచ్చునని పెద్దలు భావించడం సాధారణం. అయితే సంఖ్యల పేర్లు కంఠస్థం కావడం, సంఖ్య అర్థం కావడం రెండు వేర్వేరు విషయాలు.

చరిత్ర

జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో బాద్ బ్లాంకెన్‌బర్గ్‌లో పసిపిల్లల కొరకు ఒక విద్యాలయాన్ని ప్రారంభించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరుపెట్టాడు. ఆయన రూపొందించిన ఆటవస్తువులలో చెక్కతో చేసిన గోళం, స్తూపం, ఘనం ముఖ్యమైనవి. ఇటలీకి చెందిన వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో తన మొదటి బాలల గృహాన్ని ప్రారంభించింది. పూసల వంటి వస్తువుల ద్వారా సంఖ్యలను నేర్పడం ఆమె పద్ధతిలోని విశేషం. ఆమె 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. భారత ప్రభుత్వం 2021లో ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో చదవడం, రాయడంతో పాటు ప్రాథమిక సంఖ్యాజ్ఞానం కూడా ఒక లక్ష్యం.

లెక్కింపులోని సూత్రాలు

రోషెల్ గెల్మన్ మరియు సి. ఆర్. గాలిస్టెల్ 1978లో ప్రచురించిన గ్రంథంలో లెక్కింపుకు ఐదు సూత్రాలను పేర్కొన్నారు.

1. ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క సంఖ్య పేరు మాత్రమే చెప్పాలి.
2. సంఖ్యల పేర్లు ఎల్లప్పుడూ ఒకే వరుసలో రావాలి.
3. చివర చెప్పిన సంఖ్యయే మొత్తం వస్తువుల సంఖ్య.
4. గింజలు, మెట్లు, చప్పట్లు, ఏవైనా లెక్కించవచ్చును.
5. ఏ వస్తువుతో మొదలుపెట్టినా మొత్తం మారదు.

ఒంట్లు అప్పజెప్పడంలో కనిపించేది రెండవ సూత్రం మాత్రమే. మూడవది పిల్లలకు ఆలస్యంగా పట్టుబడుతుంది. ఐదు గింజలను సరిగా లెక్కించిన పిల్లవానిని "మొత్తం ఎన్ని?" అని అడిగితే, జవాబు చెప్పకుండా మళ్ళీ మొదటి నుండి లెక్కించవచ్చు. కారెన్ విన్ 1990లో ప్రచురించిన పరిశోధనలో, చిన్నపిల్లలను కొన్ని బొమ్మలు ఇమ్మని అడిగినపుడు లెక్కింపు వచ్చిన వారు కూడా గుప్పెడు తీసి ఇవ్వడం గమనించింది. "మూడు చెంచాలు తీసుకురా" అని అడగడం ద్వారా ఇంట్లో కూడా ఈ విషయాన్ని తెలుసుకోవచ్చును.

స్విట్జర్లాండ్‌కు చెందిన జీన్ పియాజే మరొక విషయాన్ని పరిశీలించాడు. సమాన సంఖ్యలో వస్తువులను రెండు వరుసలుగా పేర్చి, ఒక వరుసను పిల్లల ఎదుటే ఎడంగా జరిపితే, పొడవైన వరుసలోనే ఎక్కువ ఉన్నాయని చిన్నపిల్లలు చెబుతారు. ఇది తెలివితక్కువతనం కాదు. వారు కంటికి కనిపించే పొడవును బట్టి నిర్ణయిస్తున్నారు. వయసుతో, అనుభవంతో ఇది సరి అవుతుంది.

తెలుగు సంఖ్యావాచకాలు

తెలుగులో పదకొండు, పన్నెండు, పదమూడు మొదలైన పదాలలో పది ముందుగా వినిపిస్తుంది. ఇరవై ఒకటి, ఇరవై రెండు నుండి నిర్మాణం మరింత స్పష్టం. కనుక పది గింజల కుప్ప ప్రక్కన మూడు గింజలు ఉంచి "పదమూడు" అని చెబితే పదానికి, రాశికి గల సంబంధం పిల్లలకు తెలుస్తుంది.

మనుషులను లెక్కించేటప్పుడు ఒకరు, ఇద్దరు, ముగ్గురు అని వేరే పదాలు వాడతారు. రెండు గ్లాసులు, ఇద్దరు అక్కలు అన్నపుడు సంఖ్య ఒకటేనని పిల్లలు వేరుగా గ్రహించాలి. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటికి బదులు "లాభం" అని మొదలుపెట్టే ఆచారం కూడా ఉంది.

ఆకారాలు

డచ్ ఉపాధ్యాయులైన పియర్ వాన్ హీలే, దీనా వాన్ హీలే-గెల్డోఫ్ దంపతులు 1957లో రేఖాగణిత అవగాహనలోని స్థాయిలను వివరించారు. మొదటి స్థాయిలో పిల్లలు ఆకారాన్ని మొత్తం రూపాన్ని బట్టి గుర్తిస్తారు, భుజాలను, మూలలను బట్టి కాదు. అందువలన క్యారమ్ బోర్డును మూలమీదికి తిప్పితే అది చతురస్రం కాదని అనవచ్చు. ఒకే ఆకారాన్ని వేర్వేరు పరిమాణాలలో, వేర్వేరు దిశలలో చూపడం, సన్నని త్రిభుజాలను, తలక్రిందులుగా ఉన్న త్రిభుజాలను కూడా చూపడం దీనికి తగిన ఉపాయం. ఘనాకారాలను దొర్లించి పోల్చవచ్చును. బంతి ఎటైనా దొర్లుతుంది, గుండ్రని పిండిడబ్బా పడుకోబెడితే దొర్లుతుంది, నిలబెడితే నిలుస్తుంది. పాచిక జారుతుంది.

ఇంటి పనులు, ఆటలు

* వడ్డన: ఎంతమంది భోజనానికి కూర్చుంటారో అన్ని కంచాలు పెట్టించడం వలన ఒకటికి ఒకటి చొప్పున జతపరచడం అలవడుతుంది.
* వామనగుంటలు: గుంటకు ఒక గింజ చొప్పున వేయడం మొదటి సూత్రానికి చక్కని అభ్యాసం.
* అష్టాచెమ్మా: నాలుగు గవ్వలలో ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గడులు నడవాలి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ (4), నాలుగూ బోర్లా పడితే అష్టా (8).
* ముగ్గులు: 1, 3, 5, 3, 1 వరుసలలో సరిచుక్కలు పెడితే 13 చుక్కలతో మూలమీద నిలిచిన చతురస్రం వస్తుంది. 3, 4, 5, 4, 3 వరుసలలో సందుచుక్కలు పెడితే 19 చుక్కలతో షడ్భుజి ఏర్పడుతుంది.

జాగ్రత్తలు

చింతగింజలు, గవ్వలు, పూసలు వంటివి చిన్నపిల్లలు నోట్లో, ముక్కులో, చెవిలో పెట్టుకొనే ప్రమాదం ఉంది. మూడేళ్ళలోపు వారికి ఇవి ఇవ్వరాదు, ఆపై వయసు వారు ఆడేటప్పుడు కూడా పెద్దలు దగ్గర ఉండాలి. పిల్లవాడు తప్పు చెప్పినపుడు కోప్పడకుండా "మళ్ళీ కలిసి లెక్కపెడదాం" అనడం మేలు. ఒకే వయసు పిల్లలలో కూడా ఈ భావనలు వేర్వేరు సమయాలలో ఏర్పడతాయి. కనుక వంద వరకు అప్పజెప్పే పొరుగు పిల్లవానితో పోల్చడం కంటే, తమ బిడ్డ అడిగినన్ని చెంచాలు తెచ్చి ఇవ్వగలుగుతున్నాడా అని గమనించడం ఉపయోగకరం.

ఇవి కూడా చూడండి

* మరియా మాంటిస్సోరి
* అష్టాచెమ్మా
* వామనగుంటలు
* ముగ్గు