ఒకే బోర్డు... ఎన్నో చేతులు!

ఉమ్మడి ఖాతాలో పదివేలున్నాయి. గంగవరం నుంచి పలమనేరు వచ్చిన తండ్రి ఏటీఎంలో ఎనిమిది వేలు అడిగాడు. సరిగ్గా అదే క్షణంలో బెంగళూరులో కొడుకూ ఎనిమిది వేలే అడిగాడు. రెండుచోట్లా నిల్వ పదివేలనే కనిపించింది. ఇద్దరికీ ఇచ్చేస్తే? బ్యాంకుకి ఆరువేలు బొక్క! అలా కాకూడదంటే నిల్వ చూడటం, డబ్బు తగ్గించడం... రెండూ ఒకే పనిలా జరిగిపోవాలి. మధ్యలో ఇంకెవరూ వేలు పెట్టకూడదు.

చెప్పడం తేలికే. లక్షలమంది ఒకేసారి వాడే ప్రోగ్రాముల్లో ఎక్కడా మరిచిపోకుండా రాయడమే కష్టం. ఆ జాగ్రత్తను రాసేవాళ్ల జ్ఞాపకశక్తికి వదిలేయకుండా ప్రోగ్రామింగ్ భాషే చూసుకోవాలన్నది శాస్త్రవేత్తల యాభయ్యేళ్ల తపన.

చిత్తూరు బిడ్డ... నల్లబల్ల

ఈ కథలో మనవాడూ ఉన్నాడు. 1937లో అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డి! అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1970ల్లో ఆయన బృందం మనిషి మాటను అర్థంచేసుకునే 'హియర్‌సే-2'ను తయారుచేసింది. అందులో ఒక భాగం శబ్దాల్ని పసిగడుతుంది, ఇంకొకటి పదాల్ని ఊహిస్తుంది, మరొకటి వాక్యాన్ని. ఎవరికి తోచింది వాళ్లు ఉమ్మడి నల్లబల్ల మీద రాస్తారు. మిగతావాళ్లు దాన్ని చూసి తమ ఊహను సరిచేసుకుంటారు. అందుకే దానికి 'బ్లాక్‌బోర్డ్' పద్ధతనే పేరు. రాజ్‌రెడ్డికి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

మరి ఇద్దరు ఒకేచోట రాయబోతే? ఒకరు రాసేదాకా ఆ చోటుకి 'తాళం' వేయాలి. అక్కడే ఇంకో తంటా! అత్త దగ్గర బీరువా తాళం, కోడలి దగ్గర లాకరు తాళం ఉన్నాయనుకోండి. రెండూ కలిస్తేగానీ నగ బయటికి రాదు. 'ముందు నీది ఇవ్వు' అని ఇద్దరూ పట్టుబడితే పెళ్లి ముహూర్తం దాటిపోతుంది. కంప్యూటర్లలో దీన్నే 'డెడ్‌లాక్' అంటారు.

ఉత్తరం రాస్తే చాలు

అసలు ఉమ్మడి బల్లే వద్దన్నారు కొందరు. ఎవరి పలక వారిదే, అవసరమైతే ఉత్తరం రాసుకోవాలి. 1973లో కార్ల్ హెవిట్ బృందం 'యాక్టర్' పద్ధతిని, 1978లో టోనీ హోర్ మరో పద్ధతిని ఈ దారిలోనే చెప్పారు. 1980ల్లో స్వీడన్‌లోని ఎరిక్సన్ కంపెనీలో జో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆయన సహచరులు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం 'ఎర్లాంగ్' భాషను తయారుచేశారు. వాట్సాప్ సర్వర్లను నిర్మించింది ఆ భాషతోనే. 2009లో గూగుల్ తెచ్చిన 'గో' భాషకి హోర్ ఆలోచనే ఆధారం.

కంప్యూటర్లు వేర్వేరు ఊళ్లలో ఉంటే చిక్కు ఇంకా ఎక్కువ. జవాబు రాలేదంటే అవతలిది చెడిపోయిందా, ఆలస్యమైందా? ఇవతలివారికి తెలియదు. ఎర్లాంగ్ అందుకో ఉపాయం చెప్పింది. ప్రతి పనివాడి మీదా ఒక మేస్త్రీ! పనివాడు పడిపోతే మేస్త్రీ వెంటనే కొత్తవాణ్ని పెడతాడు.

2015లో తొలి పూర్తిస్థాయి రూపంలో వచ్చిన 'రస్ట్' భాషది మరో దారి. ఇద్దరు ఒకే చోట అడ్డదిడ్డంగా రాసే వీలుంటే, ప్రోగ్రాము నడవకముందే 'కుదరదు' పొమ్మంటుంది.

మీ ఇంట్లో కంప్యూటర్ కోర్సు చదివే పిల్లలుంటే ఏ భాష నేర్చుకున్నావనే కాదు... 'ఇద్దరు ఒకేసారి వస్తే నీ ప్రోగ్రాము ఏం చేస్తుంది?' అని కూడా అడిగిచూడండి. అసలు పరీక్ష అదే!