మా ఇంట్లో సముద్రం

కెనడా రాజధాని ఒట్టావాకి పడమటి కొసన, కనాటాలో ఉంటున్నాం మేము. సముద్రం ఇక్కణ్ణుంచి వందల కిలోమీటర్ల దూరం. అలాంటి చోట ఫామిలీ రూములో 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుంటే, వచ్చినవారందరూ "చేపలు పెంచుతున్నారా?" అని అడుగుతారు. చేపలు వాటంతట అవే పెరుగుతాయండీ. మనం పెంచవలసింది నీళ్ళని.

కుళాయినీళ్ళలో కల్లుప్పు కలిపితే సముద్రం అయిపోదు. మన నౌపడ ఉప్పుమళ్ళ సంగతే చూడండి. నీరు ఎండుతున్నకొద్దీ కాల్షియం లవణాలు ముందుగా అడుగున పడతాయి, తర్వాత ఉప్పు పేరుకుంటుంది, మెగ్నీషియంలో ఎక్కువ భాగం చివర మిగిలిన చేదునీళ్ళలో ఉండిపోతుంది. పగడాలకి కావలసినవి ఆ రెండే! అందుకని అక్వేరియం ఉప్పు ప్రత్యేకంగా కొనాలి. లీటరుకి సుమారు 35 గ్రాములు, అంటే మా తొట్టికి 7 కిలోలు. మా ఆవిడ ఆవకాయకి కూడా అంత పట్టదు. ఒట్టావా కుళాయినీటిలో క్రిములు చేరకుండా క్లోరమిన్ కలుపుతారు. మనకి మంచిదే గాని చేపలకి పడదు. దాన్ని వడగట్టాకే ఉప్పు కలపాలి.

ప్రతి ఆదివారం సాయంత్రం పరీక్షలు. అమోనియా, నైట్రైట్ సున్నా ఉంటే చాలు, వాటి గురించి చెప్పడానికేం లేదు. అసలు కథంతా ఆల్కలినిటీ, పి.హెచ్.లదే. ఆల్కలినిటీ అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి. ఇంటర్మీడియట్ ప్రాక్టికల్స్‌లో బ్యూరెట్ పట్టుకుని నిలబడ్డ రోజులు గుర్తున్నాయా? అదే పని. రంగు మారేదాకా ఆమ్లం చుక్కలు లెక్కపెట్టడం. పి.హెచ్. కొలమానాన్ని 1909లో కనిపెట్టిన సోరెన్‌సన్ కోపెన్‌హేగన్‌లో కార్ల్స్‌బెర్గ్ బీరు కంపెనీవారి ప్రయోగశాలలో పనిచేసేవాడట. బీరు పుణ్యమా అని మనకొక శాస్త్రం!

వేసవి సాయంత్రాల్లో మా తొట్టి పి.హెచ్. 8.2. జనవరిలో అదే వేళకి 7.8కి దిగిపోయేది. (వేళ ముఖ్యం సుమండీ. లైటున్నంతసేపూ నాచు బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటుంది కనుక సాయంత్రం అంకె ఎక్కువ, తెల్లవారుజామున తక్కువ.) చూడ్డానికి చిన్న తేడాయే గాని, పి.హెచ్. 0.3 తగ్గిందంటే ఆమ్లత్వం రెట్టింపైనట్టు. పారిశ్రామిక విప్లవం నాటినుంచి ప్రపంచ సముద్రాల ఉపరితలంలో తగ్గింది సుమారు 0.1. దానికే శాస్త్రజ్ఞులు గాభరా పడుతున్నారు.

పి.హెచ్. పెంచే మందుసీసాలు దుకాణాల్లో బోలెడు. నేను సీసా జోలికి పోకుండా ఆల్కలినిటీ చూశాను. వేసవిలో ఎంతో అంతే ఉంది, 8 డిగ్రీలు. అది సరిగా ఉండి పి.హెచ్. ఒక్కటే పడిపోయిందంటే అనుమానించవలసింది గాలిని. తొట్టినీళ్ళు రెండు గ్లాసుల్లో పట్టాను. ఒకదానిలోకి ఇంటిగాలి, రెండోదానిలోకి కిటికీ సందులోంచి గొట్టంతో లాగిన బయటిగాలి, చిన్న పంపుతో గంటసేపు బుడగలు పోనిచ్చాను. మొదటిది 7.8 దగ్గరే కూర్చుంది. రెండోది 8.2కి లేచింది.

చలికి తలుపులన్నీ బిగించుకుని మనం వదిలిన ఊపిరే తొట్టినీళ్ళలో కరుగుతోందన్నమాట, సోడాలో గాస్ కరిగినట్టు. సంక్రాంతికి పాతికమంది భోజనానికొచ్చారు. పులిహోర, బొబ్బట్లు, అంత్యాక్షరి అయ్యేసరికి పి.హెచ్. 7.7! "తిండి ఎక్కువైంది నాయనా, నిద్ర ముంచుకొస్తోంది" అన్నారు ఒక పిన్నిగారు. తిండొక్కటే కాదేమోనని మర్నాడే గాలిని కొలిచే మీటరు కొన్నాను. ఆరుబయట బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్ళలో 420 పైచిలుకు. ఇళ్ళల్లో రోజు మొత్తం మీద సగటు 1000 దాటకూడదని హెల్త్ కెనడా 2021లో చెప్పింది. తలుపు వేసుకుని పడుకున్న మా పిల్లల గదిలో తెల్లవారుజామున 1700. 7.7 అంటే చేపలకి ప్రాణగండమేమీ కాదు, పగడాల ఎదుగుదల మందగిస్తుంది. నన్ను కలవరపెట్టింది ఆ గది.

ఇప్పుడు గదుల తలుపులు ఓరగా ఉంచుతున్నాం. వెచ్చదనం పోకుండా గాలి మార్చే హెచ్.ఆర్.వి. యంత్రం రాత్రిళ్ళు ఎక్కువ వేగంతో నడుస్తోంది. తొట్టినీళ్ళకి గాలి అందించే గొట్టాన్ని కిటికీలోంచి బయటికి పెట్టి, చుట్టూ సందు మూసేశాను. ఈ జనవరిలో సాయంత్రం పి.హెచ్. 8.1, పిల్లల గదిలో తెల్లవారుజామున 900. సందు మూసినా చలి వస్తోందంటూ మా ఆవిడ సోఫాని ఆ మూలనుంచి జరిపించింది.