ఓడ యెక్కేముందు ఒక కాగితము

మా ఇంట ఓడ ప్రయాణపు మాట లేచినది 2024వ సంవత్సరము దసరా సెలవులలో. సింగపూరు దాకా విమానములో పోవడము, అక్కడ విహారపు ఓడ యెక్కి మలాకా జలసంధి మీదుగా పినాంగు, ఫుకెట్టు చూచుకొని, నాలుగు రాత్రులైన తరువాత తిరిగి సింగపూరులోనే దిగడము. నాన్నగారు, అమ్మ, మా ఇంటావిడ, పిల్లవాడు, మేము, వెరసి అయిదుగురము. విమానముతో కూడ మూడు లక్షల నలభై వేలు అవుతుందని తేలినది. గుమాస్తా సంసారమునకు ఇది చిన్న మొత్తము కాదు. అయినా ఈ ఖర్చుకు తెగించినామంటే కారణము నాన్నగారు.

మా తాతగారు మలయాలో ఒక కొబ్బరితోటలో కిరాణీగా పని చేసినారు. నాన్నగారు పుట్టినది అక్కడే. 1959లో, ఆయనకు ఎనిమిదో యేట, ఇంటిల్లిపాదీ పినాంగులో రజులా ఓడ యెక్కి, నాగపట్టణము మీదుగా మదరాసు వచ్చి దిగినారు. రజులా పేరు విననివారు మన ముసలివారిలో తక్కువ. 1926లో కట్టిన ఆ పొగ ఓడ నలభై యేండ్లకు పైగా మదరాసుకూ మలయాకూ నడుమ మన జనమును మోసినది. దాని తరువాత ఆ దారిన తిరిగిన చిదంబరం ఓడ 1985లో నిప్పంటుకొని పాడైనది. ప్రాణాలు కూడా పోయినవి. దానితో ఆ ప్రయాణాలే ఆగిపోయినవి. నాన్నగారు మరల పినాంగు చూడలేదు. ఇప్పుడాయనకు డెబ్బది దాటినది. 2019లో గుండెకు స్టెంటు వేసినారు, చక్కెర జబ్బు కూడా ఉన్నది. "ఒక్కసారి ఆ రేవు చూచి వచ్చేస్తానురా" అని ఆయన అనడము మేము పదేండ్లుగా వింటున్నాము.

టిక్కెట్లకు బయానా కట్టేవేళ ఏజెంటు, "బీమా వద్దా సార్?" అన్నాడు. చిక్కు అక్కడ మొదలైనది.

నాన్నగారు కొట్టిపారేసినారు. "ఓడకు బీమా యేమిటి? మా నాయన ఓడ యెక్కేముందు సముద్రములో ఒక కొబ్బరికాయ వేసినాడు. అదే బీమా!" అన్నారు. కొబ్బరితోట కిరాణీకి ఆ ప్రీమియము బరువు కాదు గదా అని అమ్మ నవ్వినది. మా ఇంటావిడ మాత్రము నవ్వలేదు.

మొదట మేమూ నాన్నగారి పక్షమే. రైలు టిక్కెట్టు తీసేటప్పుడు 45 పైసలు అదనముగా కడితే పది లక్షల వరకు ప్రమాదబీమా వస్తుంది. ఆలోచించకుండా కడతాము, ఆలోచించకుండా మరచిపోతాము. ఓడ బీమా కూడా అటువంటిదే, ఓడ మునిగితే పనికివచ్చేది అనుకొంటిమి. ఓడలు మునగవా అంటే మునుగుతవి. 2012 జనవరిలో ఇటలీ తీరమున కోస్టా కాంకోర్డియా అనే పెద్ద విహారపు ఓడ రాతికి కొట్టుకొని ఒరిగిపోగా 32 మంది చనిపోయినారు. కాని అటువంటిది ఎప్పుడో ఒకటి. దానికని ఇంత సొమ్ము పోయడమెందుకని మా వాదము.

ఈ వాదమును మార్చినది మన సంఘములోని ఒక పెద్దాయన అనుభవము. ఆయన 2023లో భార్యతో కూడ ఇటువంటి యాత్రకే పోయినారు. మూడవనాడు జ్వరము, ఆయాసము. ఓడలోని డాక్టరు చూచి, ఊపిరితిత్తులలో నెమ్ము చేరినదని తేల్చి, తరువాతి రేవులో దింపివేసినాడు. దింపివేయడమంటే అన్యాయము చేసినాడని కాదు. ఓడలోని వైద్యశాలలో ఇ.సి.జి. తీస్తారు, ఎక్స్‌రే తీస్తారు, ఆక్సిజను పెడతారు. కోతలు, పెద్ద చికిత్సలు అక్కడ జరిగేవి కావు. రోగిని నిలబెట్టి ఒడ్డుకు చేర్చడమే వారి పని. ఓడ వెళ్ళిపోయినది. పరాయి దేశములో పదకొండు దినములు ఆసుపత్రి, భార్యకు హోటలు, ఇద్దరికీ కొత్త విమాన టిక్కెట్లు. ఇంటికి వచ్చి, ఏటేటా తప్పకుండా కట్టుకొంటున్న మెడిక్లెయిము కంపెనీకి బిల్లులు పంపితే, "ఈ పాలసీ భారతదేశములో చేసిన చికిత్సకే" అని తిప్పి పంపినారు. ఆ మాట పాలసీలో ఉన్నదే. మనుమరాలి పెండ్లికని వేసిన డిపాజిట్టు విరగగొట్టవలసి వచ్చినది ఆయనకు.

ఆ రాత్రి మా మెడిక్లెయిము కాగితాలు తీసి చదివినాము. మాదీ అదే తీరు. ఇంకొక చిత్రము కూడ కనబడినది. ఆసుపత్రి అంటే యేదో ఆ పాలసీలోనే నిర్వచనము ఉన్నది. స్థానిక అధికారుల వద్ద రిజిస్టరు కావలె. లేదా పది లక్షల లోపు జనమున్న ఊరిలోనైతే కనీసము 10 పడకలు, పెద్ద ఊరిలోనైతే 15 పడకలు, రాత్రింబవళ్ళు డాక్టరు, నర్సులు, ఆపరేషను గది ఉండవలె. ఓడలోని వైద్యశాల ఈ లెక్కకు అందడము కష్టము. పైగా ఓడలో డాక్టరు చూస్తే ఆ బిల్లు గది ఖాతాలో పడుతుంది. దిగేరోజున భోజనపు అదనపు ఖర్చులతో పాటు దానినీ చెల్లించి కదలవలె. తరువాత దానిని రాబట్టుకొనేది ఉంటే ప్రయాణపు బీమా నుండే.

అంటే ఈ బీమా ఓడ మునుగుతుందని కాదు. ఓడ చక్కగా పోతూ ఉండగా మనిషి మునిగితే పనికివచ్చేది. ఈ సంగతి తెలిసిన తరువాత తీయాలా వద్దా అనే తర్కము మా ఇంట ముగిసినది. అంతకంటె పెద్ద తర్కము అప్పుడు మొదలైనది.

ఫారములో ఒక ప్రశ్న ఉన్నది: ఇదివరకే ఉన్న జబ్బులు యేవి? ఏజెంటు మంచివాడే, మన మేలు కోరే మాట్లాడినాడు. "సార్, పెద్దాయన స్టెంటు సంగతి వ్రాయకండి. వ్రాయకపోతే ఆయనకు 2,900 రూపాయలు. వ్రాస్తే 7,400, అదీ ఒప్పుకొంటేనే. అయిదు రోజులకు యేమవుతుంది?" అన్నాడు. నాలుగున్నర వేలు మిగులు. మేము తడబడినామని దాచడమెందుకు? ఆ కాలమును ఖాళీగా ఉంచి, రేపు చూద్దామని ఫారము మడిచిపెట్టినాము. రెండు దినములు అది అలమరలోనే ఉన్నది.

మా ఇంటావిడే తేల్చినది. "మామయ్యగారికి తెల్లకోటు కనబడితే 2019 నుండి మొదలుపెడతారు. ఏ రక్తనాళము, ఎంత పూడిక, ఏ డాక్టరు, ఆనాటి ఉప్మాలో ఉప్పు లేదన్న సంగతి కూడా చెపుతారు. దాచి యేమి లాభము?" అన్నది. ఆమె చెప్పినది హాస్యానికైనా అసలు సంగతి అదే. ఏ దేశపు ఆసుపత్రి అయినా మొదట అడిగేది పాత చరిత్ర. రోగి చెప్పినది కేసుషీటులో ఎక్కుతుంది. కంపెనీ మొదట తెప్పించి చూచేది ఆ కేసుషీటే. ఫారములో లేదని, కేసుషీటులో ఉన్నదని తేలితే గుండెకు సంబంధించిన క్లెయిము నిలువదు. అప్పుడు 2,900 కూడా గాలికి పోయినట్లే. ఫిర్యాదుకు మార్గము లేకపోలేదు. కంపెనీ తిరస్కరించిన యేడాదిలోగా ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు అర్జీ పెట్టుకొనవచ్చును, రుసుము లేదు, 50 లక్షల వరకు తీర్పు ఇవ్వగలరు. కాని మనమే జబ్బు దాచి అక్కడికి పోయి యేమి చెప్పగలము?

ఇంతలో నాన్నగారికి ఈ గుసగుసలు తెలిసినవి. కోపపడతారేమో అనుకొన్నాము. ఫారము తెమ్మని, కండ్లజోడు పెట్టుకొని, తన చేతితోనే స్టెంటు, చక్కెర, మందుల పేర్లు అన్నీ వ్రాసినారు. వ్రాసి, "ఒప్పుకోకపోతే నేను ఇంట్లో ఉంటాను, మీరు పోయి ఫోటో తీసుకొని రండి" అన్నారు. ఆ మాటకు అమ్మ లేచి వంటింట్లోకి పోయినది.

కంపెనీ అయిదు దినములు ఊరక ఉన్నది. గుండె డాక్టరు ఇచ్చిన యోగ్యతాపత్రము అడిగి పుచ్చుకొన్నది. ఆరవనాడు ఒప్పుకొన్నది. అయితే పాత జబ్బుకు ప్రాణాపాయ స్థితిలోనే ఖర్చు ఇస్తామని, దానికి వేరే పరిమితి పెట్టినారు. మామూలు పరీక్షలకు, తెచ్చుకోవడము మరచిన మందులకు యేమీ రాదు. ఇది ముందే తెలియడము మంచిదైనది. నెల దినములకు సరిపడే మందులు రెండు సంచులలో వేరువేరుగా సర్దినాము.

పాలసీ పుస్తకము నలభై పుటలు, చీమ తలకాయలంత అక్షరాలు. ఆఫీసులో ఫైళ్ళు చదివే అలవాటు ఇక్కడ అక్కరకు వచ్చినది. యాత్ర మానుకొంటే సొమ్ము వస్తుందని వ్రాసిన చోట, యే కారణాలకో పట్టిక ఉన్నది: మనకో దగ్గరివారికో మరణము, ఆసుపత్రిలో చేరడము వంటివి. మనసు మారినదంటే రాదు, భయము పుట్టినదంటే రాదు. ఓడ కంపెనీ లెక్క చూడబోతే, ప్రయాణము దగ్గరపడినకొద్దీ కోత పెరుగుతుంది. మా చీటీ ప్రకారము ఆఖరి పదునాలుగు దినములలో మానుకొంటే పైసా తిరిగి రాదు. కాబట్టి బీమా తీసేవారు టిక్కెట్టు కొన్ననాడే తీయడము మేలు. ప్రయాణపు ముందురోజు తీస్తే ఈ భాగమునకు కట్టిన సొమ్ము దండుగే.

వాతావరణము బాగులేక ఓడ పినాంగులో ఆగకపోతే? కప్తానుకు దారి మార్చే హక్కు టిక్కెట్టు షరతులలోనే ఉన్నది. మా పాలసీలో దానికి పరిహారము లేదు. నాన్నగారికి ఈ సంగతి చెప్పలేదు. చెప్పి యేమి చేయగలము? ఇక, ఓడ ఎవరి కొరకూ ఆగదు. విమానము ఆలస్యమై ఓడ తప్పిపోతే ఇంత ఇస్తామని పాలసీలో ఉన్నది గాని, ఆ ఇచ్చేది పోయిన దానిలో నాలుగోవంతు కూడా లేదు. దానికంటె ఒకరోజు ముందుగా సింగపూరు చేరి చవుక బసలో పడుకోవడము నయమని తోచి, అట్లే చేసినాము. సామాను పోతే ఇచ్చే సొమ్మును గురించి ఏజెంట్లు ఎక్కువ ఊదరపెడతారు. మా మట్టుకు అది లెక్కలోనిది కాదు. చూడవలసినది వైద్యమునకు ఎన్ని డాలర్లు, ఒడ్డుకు చేర్చడానికి, దేశమునకు తీసుకురావడానికి ఎంత, ఓడ మీద జరిగినది కూడ చేరుతుందా లేదా. ఈ ఆఖరిది తప్పక అడగవలె. కొన్ని పాలసీలలో ఓడ ప్రయాణమునకు వేరే చేర్పు కట్టవలసి ఉంటుంది.

సహాయమునకు పిలువవలసిన ఫోను నంబరును మా ఇంటావిడ నాలుగు అట్టముక్కల మీద వ్రాసి నలుగురి జేబులలో పెట్టినది. నడిసముద్రములో మన ఫోను పలుకదు. నంబరు ఫోనులోనే ఉంచుకొంటే ఛార్జి అయిపోయిననాడు తెలుస్తుంది.

2025 జనవరిలో పోయి వచ్చినాము. నాన్నగారికి చీమ కుట్టలేదు. రెండవనాడు ఓడ పినాంగులో స్వెట్టెన్‌హామ్ రేవున ఆగినది. ఆయన దిగి, ఒక ఇనుప స్తంభము పట్టుకొని చాలాసేపు నిలబడినారు. "ఇక్కడేనా?" అని అడిగితే, "ఏమోరా, అప్పుడు అంతా మనుషులు" అన్నారు. దెబ్బ తగిలినది పిల్లవానికి. ఈతకొలను పక్క తడినేల మీద జారి మణికట్టు వాచినది. ఓడ డాక్టరు ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదని కట్టు కట్టినాడు. 286 డాలర్లు గది ఖాతాలో పడినవి. ఇంటికి వచ్చి బిల్లు, డాక్టరు చీటీ, ఓడ టిక్కెట్టు, పాస్‌పోర్టు ముద్రల నకళ్ళు పంపినాము. మొదటి వంద డాలర్లు మన నెత్తినే అని షరతు. మిగతా 186 డాలర్లకు రూపాయలు ముప్పది ఎనిమిదవ దినమున బ్యాంకులో పడినవి. అందరి ప్రీమియములు కూడితే దానికి మించే ఉన్నది. లాభమా నష్టమా అని ఆఫీసులో మిత్రులు అడిగినారు. ఆ పదకొండు దినముల ఆసుపత్రి బిల్లు సంగతి చెప్పినాము.

ఇప్పుడు పిల్లవాడు లక్షద్వీపపు ఓడ అంటున్నాడు. ముంబయిలో యెక్కేది. దాని లెక్క వేరు. ఏ రేవులో దింపినా మన దేశమే, కొచ్చిలో ఆసుపత్రిలో చేరినా మన మెడిక్లెయిము పలుకుతుంది. చేతి నుండి పోయేది ఓడ డాక్టరు బిల్లు, మానుకొంటే టిక్కెట్టు. దానికి బీమా తీయదలచలేదు. ఒక పాతికవేలు వేరే కవరులో పెట్టి ఉంచుతాము. నాన్నగారిని రమ్మంటే, ఆ దారిలో తనకు తెలిసిన రేవు లేదన్నారు.